దినం, కర్మ, పిట్టముద్ద: చావింటి మాటల్లో చిక్కుముడులు

కరీంనగర్ వైపు అమ్మాయిని గోదావరి జిల్లా ఇంటికి ఇచ్చారనుకుందాం. అక్కడ మామగారు పోయారు. కబురు చెబుతూ అటువాళ్ళు "చిన్నదినం ఎల్లుండి, పెద్దకర్మ పదకొండో రోజు" అంటారు. ఇటువాళ్ళు "మరి పిట్టకెప్పుడు పెడుతున్నరు?" అని అడుగుతారు, అంటే కాకికి ముద్ద పెట్టే రోజెప్పుడని. ఆ ప్రశ్న అటువాళ్ళకు అర్థం కాదు. దూరపు సంబంధాలు కలుపుకున్న ఇళ్ళలో ఈ తికమక మామూలే. పెళ్ళి మాటల్లో తేడా వస్తే నవ్వుకుని సర్దుకుంటారు గానీ, చావు దగ్గర మాట పట్టింపైపోతుంది. రావలసిన రోజు రాకపోతే "ఫలానావాళ్ళు దినానికి రాలేదు" అని ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు.

చిక్కంతా ఎక్కడుందంటే, మన చావు ఆచారంలో మూడు లెక్కలు ఒకేసారి నడుస్తాయి. ఒకటి పురోహితుడి లెక్క: తిథులు, పిండాలు, పదమూడు రోజులు. రెండోది శైవ, వైష్ణవ ఇళ్ళలో తంతు నడిపే జంగమయ్యలు, దాసరులు, సాతాని అయ్యవార్ల లెక్క: శంఖం, జేగంట, విభూతి లేదా తిరునామం. మూడోది ఊరి లెక్క: పాలివాళ్ళు (దాయాదులు) ఏం చేయాలి, వియ్యాలవారు ఏం తేవాలి, మేనమామ ఎక్కడ నిలబడాలి, డప్పు ఎప్పుడు మోగాలి, ఎప్పుడు ఆగాలి. ఏ ఇంట్లోనూ వీటిలో ఒక్కటే ఉండదు. పైగా ఒక లెక్కలోని మాట ఇంకోదాంట్లోకి జారి అర్థం మార్చుకుంది. కాబట్టి ఈ ఆచారాలు అర్థం కావాలంటే మాటల వెంట నడవడమే దగ్గరి దారి.

కబురు

పోయారని చెప్పే మాటతోనే కులం, మతం, ప్రాంతం, వయసు, గౌరవం అన్నీ బయటపడతాయి. వైష్ణవ సంప్రదాయంలో ఉన్నవారు "పరమపదించారు" అంటారు. వీరశైవులు "లింగైక్యం చెందారు", "శివైక్యం చెందారు" అంటారు. క్రైస్తవ కుటుంబం కరపత్రంలో "ప్రభువునందు నిద్రించారు" అని ఉంటుంది. ముస్లిం ఇళ్ళలో "ఇంతెకాల్ అయ్యారు" వినిపిస్తుంది. పెద్దవాళ్ళకు, స్వాములకు "కాలం చేశారు". పత్రికలకు "కన్నుమూత".

ఇబ్బంది పెట్టే మాట మరొకటి ఉంది. తెలంగాణ పల్లెలో "మా నాయిన సచ్చిపోయిండు" అనే కొడుకు తండ్రిని తక్కువ చేయడం లేదు. అక్కడ అది ఉన్న విషయం చెప్పే మామూలు మాట. శ్రీకాకుళం వైపు "సచ్చిపోనాడు" అన్నా అంతే. కోస్తా పట్టణాల్లో మాత్రం పెద్దల విషయంలో ఆ మాట నోటికి రాదు, "పోయారు" అనే అంటారు. ఆ చెవితో తెలంగాణ మాట విని మర్యాద లేదనుకోవడం పొరపాటు. దుఃఖంలో ఉన్న మనిషి తన ఇంటి భాషలోనే మాట్లాడతాడు.

కబురు చెప్పే తీరు కూడా ముఖ్యమే. "చావు కబురు చల్లగా చెప్పాడు" అనే సామెత ఆలస్యంగా చెప్పినవాణ్ణి దెప్పడానికి పుట్టింది. ఎందుకంటే కబురు ఆలస్యమైతే కడసారి చూపు దక్కదు. అందుకే పల్లెల్లో ముందు మేనమామకు, ఆడపడుచులకు, వియ్యాలవారికి మనిషిని పంపేవాళ్ళు. ఇప్పుడు ఫోను ఆ పని చేస్తోంది. అయినా ఆ వరుస మాత్రం మారలేదు. మేనమామకు తెలియకముందే వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టడం వల్ల వచ్చే తగాదాలు ఈ వరుస తప్పడం వల్లే.

ఇంటి నుంచి కాటి దాకా

ప్రాణం పోగానే చేసే పనుల్లో చాలావాటికి శరీరమే కారణం. దవడ కింద నుంచి నడినెత్తి మీదకు గుడ్డ కడతారు. కాళ్ళు చాపి రెండు బొటనవేళ్ళు కలిపి కడతారు. కళ్ళు మూస్తారు. పోయిన 2 నుంచి 4 గంటల్లో కండరాలు బిగుసుకోవడం మొదలవుతుంది, అది కనిపించేది ముందుగా దవడ దగ్గరే. ఎండాకాలంలో ఇంకా తొందరగా బిగుస్తుంది. ఏడుపుల్లో ఈ పని మరిచిపోతే నోరు తెరుచుకునే ఉండిపోతుంది, తర్వాత బలవంతంగా మూయలేరు. చావింట్లో తల పండిన ఒక ముసలమ్మ ముందుగా గుడ్డపేలిక అడగడం వెనక ఈ అనుభవం ఉంది.

పాడెకు ఏడెనిమిది అడుగుల పచ్చి వెదురు బొంగులు రెండు కావాలి. మధ్యలో జానెడున్నర ఎడంగా అడ్డబద్దలు వేసి, తాడుతో కట్టి, పైన వరిగడ్డి పరుస్తారు. మేకులు కొట్టరు. వెదురుకు మేకు దిగితే నిలువునా చీలుతుంది. ఎండిన బొంగు తెస్తే కణుపు దగ్గర పగులుతుంది. బద్దల మధ్య ఎడం ఎక్కువైతే నడుము దగ్గర కుంగిపోతుంది. మోసే నలుగురూ ఇంచుమించు ఒకే ఎత్తు ఉండేలా చూసుకోవాలి, లేకపోతే పొట్టివాడి వైపు ఒరిగిపోయి దారంతా సర్దుకోవడమే అవుతుంది.

ముందు నిప్పుకుండ పట్టుకుని కొడుకు, వెనక పాడె. దారిపొడుగునా పేలాలు, చిల్లర పైసలు చల్లుతారు. తెలంగాణలో బుక్కా గులాలు (రంగుపొడులు) కూడా చల్లుతారు. నిండు వయసు గడిచి, మనవలనూ మునిమనవలనూ చూసి పోయిన మనిషైతే డప్పులకు అడుగులు వేస్తూ సాగనంపుతారు. కొత్తవాళ్ళకు అది వింతగా కనిపించవచ్చు. కానీ నడివయసులో పోయినవాడి పాడె ముందు ఎవరూ ఆడరు. వయసును బట్టి దుఃఖం తీరు మారుతుందని ఊరికి తెలుసు.

సగం దారిలో ఒక చోట ఊరేగింపు ఆగుతుంది. చెట్టు కిందో, చదునైన బయలులోనో పాడె దింపుతారు. ముందు మోసినవాళ్ళు వెనక్కి, వెనకవాళ్ళు ముందుకు మారతారు. డప్పు ఠక్కున ఆగిపోతుంది. అప్పటిదాకా అంత మోతలో నడిచిన జనం చెవుల్లో ఆ నిశ్శబ్దం గింగిరుమంటుంది. కొడుకు వంగి, పోయినవారి చెవి దగ్గర నోరు పెట్టి వరుస పెట్టి మూడుసార్లు పిలుస్తాడు: "నాయనా... నాయనా... నాయనా." ఒక్కో పిలుపు తర్వాత ఆగుతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మొహం వైపే చూస్తారు. కనురెప్ప కదలదు. అప్పుడు పాడె లేస్తుంది, డప్పు మళ్ళీ అందుకుంటుంది.

ఇదే దింపుడు కళ్ళం. నాడి చూసే వైద్యుడు దొరకని ఊళ్ళలో, పాముకాటుతోనో జ్వరంతోనో స్పృహ తప్పినవాణ్ణి పోయాడనుకుని మోసుకెళ్ళే ప్రమాదం ఉన్న కాలంలో ఇది ఆఖరి పరీక్ష. లేవడని తెలిసినా పిలిచి చూడటమే "దింపుడు కళ్ళం ఆశ". ఎన్నికల వార్తల్లోనూ క్రికెట్ వార్తల్లోనూ దీన్ని "దింపుడు కళ్ళెం" అని రాస్తుంటారు. కళ్ళెం గుర్రం నోటికి వేసేది. కళ్ళం అంటే పంట నూర్చే చదును నేల. పాడె దించేది అలాంటి నేల మీదే.

కాటి దగ్గర కొడుకు నీళ్ళకుండ ఎడమ భుజాన పెట్టుకుని చితి చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. ఒక్కో చుట్టుకు వెనక నుంచి ఒకరు కుండకు చిల్లు పెడతారు. మూడో చుట్టు కాగానే కుండను వెనక్కి వదిలేసి, తిరిగి చూడకుండా నడవాలి. కుండ ఎక్కువ కాలినదైతే చిల్లు పడే బదులు ఒక్క దెబ్బకే భుజం మీద పగిలిపోతుంది. అందుకే కొంచెం పల్చటి కుండ ఏరి తేవడం పెద్దల పని. చితికి సుమారు 300 నుంచి 400 కిలోల కట్టె పడుతుంది. వానాకాలంలో తడి కట్టె తెస్తే పొగే తప్ప మంట రాదు, ఛాతీ, తుంటి భాగాలు కాలడానికి చాలాసేపు పడుతుంది. కింద ఎండు కట్టె, మధ్యలో పిడకలు, పైన మళ్ళీ కట్టె పేర్చి గాలి ఆడే సందులు వదలడం తెలిసిన చేయి ఉండాలి.

అందరూ కాల్చరు. వీరశైవులు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. దళిత కుటుంబాల్లో చాలాచోట్ల ఖననమే. పసిపిల్లలను అన్ని కులాలవాళ్ళూ పూడుస్తారు. తెలంగాణలో శ్మశానాన్ని "బొందలగడ్డ" అనడానికి కారణం ఇదే: బొంద అంటే గొయ్యి. "నీ బొంద" అన్న తిట్టులో ఉన్నదీ ఆ గొయ్యే. కోస్తా, రాయలసీమల్లో అదే చోటు "వల్లకాడు". "ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది" అనే సామెతలో ఉన్న కాడు ఇదే. 2019 తర్వాత తెలంగాణలో పల్లె ప్రగతి కింద ఊరూరా కట్టినవాటికి "వైకుంఠధామం" అని బోర్డు పెట్టారు. బోర్డు మీద అలా ఉన్నా, పల్లె నోట ఇంకా బొందలగడ్డే.

డప్పు

చావు డప్పు లేకుండా ఈ నడక లేదు. గుండ్రటి చెక్క చట్రానికి మేకతోలు బిగిస్తారు. ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల, కుడిచేతిలో పొట్టి సిర్ర. కొట్టే ముందు గడ్డిమంట దగ్గర తోలు కాచాలి. కాచకపోతే మోత మొద్దుగా వస్తుంది, ఎక్కువ కాస్తే తోలు చిట్లుతుంది. వాన రోజున ప్రతి అరగంటకూ మంట వెతుక్కోవలసిందే. శవం దగ్గర, దారిలో, కాటి దగ్గర వేరువేరు దరువులు పడతాయి. ఊళ్ళోవాళ్ళు ఇంట్లో కూర్చునే దరువు విని ఊరేగింపు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పగలరు.

ఈ వాద్యం గురించి చెబుతూ దాని వెనక ఉన్న అన్యాయాన్ని చెప్పకపోతే తప్పు. తరతరాలుగా మాదిగలతో, కొన్నిచోట్ల మాలలతో ఇది వెట్టిగా చేయించుకున్నారు. ఏ ఇంట చావైనా కూలి లేకుండా, తిండి మానుకుని వచ్చి కొట్టవలసిందే. అదే డప్పు కొట్టిన చేతిని ముట్టుకోరు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పును తలెత్తి నిలబడే గుర్తుగా మార్చింది. కొన్ని ఊళ్ళలో చావుడప్పు కొట్టబోమన్నారు, కొన్నిచోట్ల కూలి మాట్లాడుకుని కళాకారులుగా వస్తున్నారు. రెండూ సరైనవే. ఈ కళ బతకాలంటే వెట్టి పోవాలి.

శోకం: పాటైన ఏడుపు

అన్నిటికంటే తక్కువ అర్థం చేసుకున్నది, ఎక్కువ పోగొట్టుకుంటున్నది ఆడవాళ్ళ శోకాన్ని. "రాగం తీసి ఏడవడం", "శోకం పెట్టుడు", "ఏడుపు పాట" అని ప్రాంతాన్ని బట్టి పేరు. బయటివాళ్ళు దీన్ని అరుపులనుకుంటారు. దగ్గరగా వింటే దీనికి వరుస ఉంటుంది.

మొదట పిలుపు. వరుసను సాగదీసి పిలుస్తారు: "కొడుకో", "బిడ్డో", "ఓ నాయినా", "అవ్వో". కోస్తాలో "నాయనోయ్", "నా తండ్రో". భార్య భర్త పేరు పెట్టి పిలవదు కాబట్టి "నా రాజా", "నా దొరా", మేనరికమైతే "ఓ మామా", "ఓ బావా" అంటుంది. పిలుపు వింటేనే ఏడ్చేది ఎవరో తెలిసిపోతుంది. రెండోది జవాబు లేని ప్రశ్న: ఎవరికి చెప్పి పోతివి, ఎవరి చేతుల పెట్టి పోతివి, దారి తెలుసునా నీకు. మూడోది జ్ఞాపకాల వరుస. పోయిన మనిషి వాడిన వస్తువులు ఒక్కొక్కటీ పాటలోకి వస్తాయి: గుంజకు వేలాడే గొంగడి, గడప దగ్గర చెప్పులు, అటక మీది చేతికర్ర. ఆ వస్తువులు యజమాని కోసం ఎదురు చూస్తున్నట్టు చెబుతారు. చివరిది ఫిర్యాదు.

ఆ నాలుగోదాని కోసమైనా శోకం వినాలి. పెళ్ళయి పోయిన బిడ్డ, తల్లి శవం మీద పడి, "నీ చేతి ముద్ద ఉన్నన్నాళ్ళే నాకు ఈ ఇల్లు, ఇక నా దారి ఎవరు చూస్తరు" అని రాగం తీస్తే, ఆ మాట తల్లికి కాదు, పక్కన నిలబడ్డ అన్నదమ్ములకు. ముసలాయనకు మందులు తెప్పించని కొడుకు సంగతి, భాగంలో జరిగిన మోసం, తాగొచ్చి కొట్టిన మొగుడి సంగతి అన్నీ పదిమంది ముందు ఇక్కడే వినిపిస్తాయి. మామూలు రోజున ఆడది ఆ మాట అంటే ఊరుకోరు. శవం ముందు రాగంలో అంటే ఎవరూ అడ్డం పడరు. అప్పుడు నోరు మూయించడం మహాపాపమని అందరికీ తెలుసు.

రాగం ఎత్తులో మొదలై, మూడు నాలుగు స్వరాల్లోనే మెట్టుమెట్టుగా దిగుతుంది. పాదం చివర అచ్చు సాగి వెక్కిలోకి విరుగుతుంది. అక్కడే మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు. అందరూ కలిసి ఏడ్చే ఆ కాస్త సమయంలో ముందు పాడినామె ఊపిరి తీసుకుని తర్వాతి మాట కూర్చుకుంటుంది. కొత్తగా వచ్చే చుట్టం వీధి మలుపులోనే పిలుపు మొదలుపెడుతుంది. లోపలివాళ్ళు లేచి ఎదురొచ్చి మెడలు పట్టుకుంటారు, పాట మళ్ళీ మొదటికొస్తుంది. చివరకు ఒక పెద్దావిడ "ఊకో బిడ్డా, ఊకో" అని గ్లాసుతో నీళ్ళిస్తే ఆ విడత ముగిసినట్టు. కోస్తాలో అదే "ఊరుకో అమ్మా".

భాష పట్టించుకునేవాళ్ళు గమనించవలసిన సంగతి ఒకటుంది. శోకంలో క్రియలు పాతవి. "పోతివి", "ఇడిస్తివి", "జేస్తివి" లాంటి రూపాలు తెలంగాణ, సీమ మాటల్లో నేటికీ ఉన్నాయి. కోస్తాలో రోజువారీ మాటల్లో "పోయావు" అనే పెద్దావిడ నోట కూడా శోకంలో "పోతివా" పలుకుతుంది. సాగదీయడానికి ఆ రూపమే వీలు.

పెళ్ళిపాటలు, నాట్లపాటలు, దంపుళ్ళ పాటలు పుస్తకాల్లోకి ఎక్కినంతగా శోకాలు ఎక్కలేదు. బిరుదురాజు రామరాజు వంటివారు 1950ల నుంచి జానపద గేయాల మీద విశ్వవిద్యాలయ స్థాయిలో పని చేశారు. కానీ నాటుపాటను అడిగితే పాడినట్టు శోకాన్ని అడిగితే పాడరు. చావు లేని ఇంట్లో ఏడుపు రాగం తీస్తే అరిష్టమని నమ్మకం. చావు జరిగిన ఇంట్లో పుస్తకం, రికార్డరు పట్టుకుని కూర్చోవడం అమానుషం. ఈ రెంటి మధ్య శోకం జారిపోయింది. ఎవరైనా సొంత ఇంట్లోని శోకాన్ని దాచుకోవాలనుకుంటే ఏడాది గడిచాక, ఏడ్చినామె ఇష్టపడితే, ఆమె పక్కన కూర్చుని మాటలు రాసుకోవచ్చు. రాసేటప్పుడు "సూడు"ను "చూడు" అనీ, "ఒస్తి"ని "వచ్చాను" అనీ దిద్దకూడదు. దిద్దితే అక్షరాల లెక్క తప్పి రాగం అతకదు. ఎవరు ఎవరికోసం పాడారో వరుసతో సహా రాయాలి, ఎందుకంటే ఆ వరుస తెలియకపోతే సగం మాటలకు అర్థం ఉండదు.

ఫ్రీజర్ పెట్టె వచ్చాక శోకం మారింది. అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా రెండు మూడు రోజులు ఆగవలసి వస్తే పెట్టె తప్పదు, దాన్ని తప్పుపట్టలేం. కానీ శోకం చేతులతో పాడే పాట. గడ్డం పట్టుకుని, పాదాలు పట్టుకుని, నుదురు నిమురుతూ పాడతారు. అద్దం అడ్డు వచ్చాక చేతులకు పని లేకపోయింది. మోటారు మోత కింద సన్నటి గొంతులు వినిపించవు. దానికి తోడు ఇప్పుడు మైకులో పోయినవారి పేరు చేర్చి పాడే గాయకులు వస్తున్నారు. వాళ్ళు బాగానే పాడతారు, వాళ్ళకూ అది బతుకుతెరువు. అయినా మైకు మోగినంతసేపు బిడ్డ గొంతు వినపడదు. మైకు పెట్టించే ఇంటివాళ్ళు, ఆడబిడ్డలు వచ్చి ఏడ్చే సమయంలోనైనా దాన్ని కట్టేయించాలి.

రోజుల లెక్క

ఇప్పుడు అసలు ముడి. పురోహితుడి లెక్కలో పోయినవారు వెంటనే పితృదేవత కారు, ప్రేతం అవుతారు. దానికి ఒక శరీరం కావాలి. పది రోజుల పిండాలు ఆ శరీరాన్ని కడతాయని గరుడ పురాణం చెబుతుంది: మొదటి రోజు పిండంతో తల, ఆ తర్వాత ఒక్కొక్క భాగం, పదో రోజు ఆకలిదప్పులు. పదో రోజు జ్ఞాతులంతా (దాయాదులు) ధర్మోదకాలు, అంటే నువ్వులు నీళ్ళు, వదులుతారు. 11వ రోజు ఏకోద్దిష్టం, పోయిన ఒక్కరి కోసమే పెట్టే శ్రాద్ధం. 12వ రోజు సపిండీకరణం: పోయినవారి పిండాన్ని మూడు ముక్కలు చేసి ముందు మూడు తరాల పిండాల్లో కలుపుతారు. అప్పటికి ప్రేతత్వం పోయి పెద్దల్లో కలిసినట్టు. 13వ రోజు శుభస్వీకారం. నిజానికి సపిండీకరణం ఏడాది చివర చేయవలసింది. పన్నెండు నెలలకు బదులు పన్నెండు రోజులుగా ముందుకు జరిపారు. ఏడాది పొడుగునా మాసికాలు (నెలనెలా పెట్టేవి) మళ్ళీ పెట్టడానికి కారణం ఇదే.

ఊరి లెక్కకు ఇన్ని మెట్లు లేవు, రెండే పెద్ద రోజులు. మొదటిది సాధారణంగా 3వ రోజు. కోస్తాలో చిన్నదినం, చిన్నకర్మ అంటారు. శాస్త్రంలోని అస్థిసంచయనం ఇందులో కలిసిపోయింది: బూడిద మీద పాలు, నీళ్ళు చల్లి, ఎముకలు ఏరి కుండలో పెడతారు. తెలంగాణలో అదే రోజు "పిట్టకు పెట్టుడు". రెండోది పెద్దకర్మ, దశదినకర్మ, దినాలు. పేరులో "దశ" ఉన్నా అది పదో రోజే జరగాలని లేదు. 9, 10, 11, 12లో ఏదో ఒకటి కులాన్ని బట్టి, అయ్యవారు చెప్పినదాన్ని బట్టి ఉంటుంది. అందుకే కార్డు మీద పేరు చూసి రోజు ఊహించుకోకూడదు, తేదీ చూసి బయలుదేరాలి.

తేదీ లెక్కలో తప్పు రెండు చోట్ల వస్తుంది. పోయిన రోజును ఒకటిగా లెక్కపెట్టేవాళ్ళున్నారు, దహనం రోజు నుంచి మొదలుపెట్టేవాళ్ళున్నారు. శవం రెండు రోజులు ఆగితే ఈ రెండు లెక్కలకూ తేడా వచ్చేస్తుంది. రెండోది, పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. మంగళవారం తెల్లవారుజామున 2 గంటలకు పోతే ఫోను మంగళవారమంటుంది, పంచాంగం సోమవారమే అంటుంది. ఏడాది తర్వాత పెట్టే తద్దినం తేదీని బట్టి కాదు, మాసం, పక్షం, తిథిని బట్టి వస్తుంది. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు కాబట్టి మరుసటేడు దాదాపు 11 రోజులు ముందే వస్తుంది, అధికమాసం వస్తే ఆలస్యంగా వస్తుంది. ఆసుపత్రి కాగితం మీది సమయాన్ని ఆరోజే తిథితో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే తర్వాతి తరానికి తడుములాట ఉండదు.

పిట్టకు పెట్టుడు ఎలా జరుగుతుందో చెప్పాలి. మోదుగాకుల ఇస్తారిలో అన్నం, పోయినవారికి ఇష్టమైన కూర, తెలంగాణలో చాలా ఇళ్ళలో మాంసం, కల్లు, బీడీ తాగే మనిషైతే బీడీ కూడా పెడతారు. కల్లు సాక పోస్తారు, అంటే నేల మీద ధారగా వదులుతారు. తర్వాత అందరూ వెనక్కి జరిగి కాకి కోసం చూస్తారు. కాకి వచ్చి మెతుకు ముట్టుకుంటే పోయినవారు తృప్తి పడ్డారని అర్థం. రాకపోతే అసలు ఉద్విగ్నత మొదలవుతుంది. ఒక్కొక్కరు ముందుకొచ్చి గట్టిగా మాట ఇస్తారు: చిన్నబిడ్డ పెండ్లి మేం చేస్తం, అమ్మను నేను చూసుకుంట, ఆ బాకీ తీరుస్తం. పదిమంది చెవిన పడ్డ మాట కాబట్టి తర్వాత తప్పుకోవడం కష్టం. కాకి ఆలస్యం చేసిన ఆ అరగంటలో వీలునామా కంటే గట్టి ఒప్పందాలు జరిగిపోతాయి.

కాకి రాకపోవడానికి పక్షి స్వభావం కూడా కారణమే. కాకి కొత్త వస్తువును, గుంపును అనుమానిస్తుంది. పదిహేను మంది నాలుగడుగుల దూరంలో నిలబడి ఫోన్లు ఎత్తిపట్టుకుంటే దిగదు. ఇస్తారిని బయలులో, పక్కన కొమ్మో గోడో ఉన్నచోట పెట్టి, కనీసం ఇరవై ముప్పై అడుగులు వెనక్కి పోయి మౌనంగా ఉండాలి. ఎండ ముదరకముందు, పొద్దున పెడితే మేలు. అయినా రాకపోతే ఆవుకు పెట్టడం, నీళ్ళలో వదలడం పెద్దలు ఒప్పుకున్న దారులే. పట్టణాల్లో కాకులు కనిపించక ఇబ్బంది పడే కుటుంబాలు దోషమేదో జరిగిందని కుంగిపోనక్కర్లేదు.

వదిలేయవలసింది

పదో రోజున భార్య గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, మెట్టెలు తీయించే తంతు ఇంకా చాలాచోట్ల ఉంది. తెల్లవారకముందు, సాటి విధవరాళ్ళ మధ్య కూర్చోబెట్టి చేస్తారు. మొగుడు పోయిన దుఃఖంలో ఉన్న మనిషిని పదిరోజుల తర్వాత మళ్ళీ ఒకసారి చంపడం ఇది. ఆచారాలను ప్రేమించేవాళ్ళే దీన్ని ముందుగా వద్దనాలి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తాను చేయించిన తొలి వితంతు వివాహం జరిపించారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ తంతు మిగిలి ఉండటం మనందరి తప్పు. ఇప్పుడు పుట్టింటివాళ్ళు గట్టిగా నిలబడి "మా బిడ్డ బొట్టు జోలికి రావద్దు" అంటే చాలా ఇళ్ళలో ఆగిపోతోంది. ఆ మాట అనవలసిన బాధ్యత అన్నదమ్ములది. పదో రోజు దాకా ఆగకుండా మూడో రోజునే చెప్పేయాలి.

పెద్దలు, పేరంటాళ్ళు

ఏడాది గడిచాక పోయినవారు "పెద్దలు" అవుతారు. తెలంగాణలో వాళ్ళ రోజు పెత్రమాస, భాద్రపద అమావాస్య. ఆ పొద్దున బియ్యం, పప్పు, కూరగాయలు అయ్యవారికి "బియ్యం ఇచ్చుడు". ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. చనిపోయినవారికి బియ్యం ఇచ్చిన ఇంటి ఆడపిల్లలు పొద్దుగూకేసరికి పూలతో వాకిట్లో ఆడతారు. కోస్తా, ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దలకు కొత్తబట్టలు పెట్టేది సంక్రాంతికి. క్రైస్తవులకు నవంబరు 2 సమాధుల పండుగ, ఆ సాయంత్రం సమాధులు కడిగి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తారు.

ఆయుష్షు తీరకుండా, అన్యాయంగా పోయినవాళ్ళ దారి వేరు. వాళ్ళు కర్మతో శాంతించరని ఊరు నమ్ముతుంది. ఆడవాళ్ళయితే పేరంటాళ్ళై గుడి కట్టించుకుంటారు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ అలా దేవతైన ఇల్లాలే. ఊరిబయట వేపచెట్టు కింద పసుపు రాసిన చిన్న రాయి కనిపిస్తే, దాని వెనక చాలాసార్లు ఊరు మరిచిపోలేని ఒక చావు ఉంటుంది.

పలకరించడానికి వెళ్ళేవాళ్ళకు ఇక ఒక్క సంగతి. చావింట "రండి, కూర్చోండి" అన్న పిలుపు ఉండదు. ఎవరూ ఎదురు రాలేదని నొచ్చుకోకుండా వెళ్ళి చాప మీద కూర్చోవాలి. పోయినవారి గురించి ఇంటివాళ్ళు చెప్పేది వినాలి. చివరి గంటల్లో ఏం జరిగిందో వాళ్ళు వచ్చిన ప్రతివాళ్ళకూ మొదటి నుంచి చెబుతారు, మధ్యలో ఆపకూడదు. లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకూడదు. అలాంటి కారణంతో ఆ ఇంటికి మళ్ళీ రావాలని ఎవరూ కోరుకోరు. ఒకరి భుజం మీద చేయి వేసి, మాట లేకుండా లేచి, చెప్పులు వేసుకుని నడవడమే.